కథ లేని యుద్ధం

మహాభారతంలోంచి ఆది, సభా, అరణ్య, విరాట, ఉద్యోగ పర్వాలను తీసివేసి, భీష్మ పర్వం మొదలు శల్య పర్వం దాకా మాత్రమే అచ్చువేసి, "అసలు భారతం ఇదే, మిగిలినదంతా ఉపోద్ఘాతం" అని ఎవరైనా మన చేతిలో పెడితే ఏమంటాం? అందులో అస్త్రాలుంటాయి, వ్యూహాలుంటాయి, కర్ణుని రథచక్రం నేలలో కుంగడమూ ఉంటుంది. కానీ కవచకుండలాలు దానమిచ్చిన ఘట్టం అరణ్య పర్వంలోనే ఉండిపోయింది. కుంతి వచ్చి కొడుకును కలిసిన ఘట్టం ఉద్యోగ పర్వంలోనే ఉండిపోయింది. అవేవీ తెలియని పాఠకునికి ఆ కుంగిన చక్రం ఒక రథప్రమాదం మాత్రమే.

నింటెండో వారి వీ యంత్రం కోసం 2006లో వచ్చిన "పోకెమాన్ బ్యాటిల్ రెవల్యూషన్" ఆటకు సరిగ్గా ఇదే జరిగిందని నా అభిప్రాయం. ఇరవయ్యేళ్ళ నాటి ఆట గురించి ఇప్పుడెందుకని అడగవచ్చు. అందులోని పొరపాటు పాతబడలేదు కనుక అని నా సమాధానం. పైగా ఆ పొరపాటు ఆటలకు మాత్రమే సంబంధించినది కూడా కాదు.

పోకెమాన్ పరిచయం లేని మిత్రుల కోసం నాలుగు మాటలు. చిన్ననాట పురుగులను పట్టి పెంచిన అలవాటున్న సతోషి తజిరి అనే జపాను దేశస్థుడు, ఆ ఆనందాన్ని పట్నపు పిల్లలకు అందివ్వాలన్న తలపుతో తన గేమ్ ఫ్రీక్ సంస్థ ద్వారా రూపొందించిన ఆట ఇది. 1996 ఫిబ్రవరి 27న గేమ్ బాయ్ అనే చేతిలో ఇమిడే యంత్రం మీద మొదటి రెండు భాగాలు, రెడ్, గ్రీన్, వెలువడ్డాయి. ఆడేవాడు ఊరూరా తిరుగుతాడు. గడ్డిలో, గుహల్లో, నీళ్ళలో దొరికే వింత ప్రాణులను పట్టుకుంటాడు, పేర్లు పెట్టుకుంటాడు, పెంచుతాడు, ఇతరుల ప్రాణులతో పోటీకి దింపుతాడు. మొదట 151 రకాలుండేవి. రెండు యంత్రాలను ఒక తీగతో కలిపి స్నేహితుల మధ్య వాటిని మార్చుకోవచ్చు. ఆ తీగ వెంబడి ఒక పురుగు ఇటునుంచి అటు పాకుతూ పోతున్నట్టు ఊహించుకోవడమే ఈ ఆటకు బీజమని తజిరి చెప్పుకున్నాడు.

కనుక ఈ ఆటలో పోరు ఉంది గాని, పోరే ఆట కాదు. పోరు పెంపకానికి పరీక్ష. మొదటి ఊరి పొలిమేరలో దొరికిన బక్క పిట్ట, ముప్ఫై గంటల ఆట తరువాత రెక్కలు విప్పిన డేగయై చివరి పోటీలో నిలబడితే, ఆ గెలుపులో ఆ ముప్ఫై గంటలూ ఉంటాయి. అంకెలుగా చూస్తే అది దాని స్థాయి, దాని బలం, దాని వేగం. ఆడినవానికి మాత్రం అది ఆ దారి, ఆ వర్షం, ఓడిపోయి వైద్యశాలకు పరుగెత్తిన ఆ సాయంత్రం.

ఇక మన ఆట సంగతి. జీనియస్ సొనారిటీ సంస్థ తయారుచేసిన బ్యాటిల్ రెవల్యూషన్ జపానులో 2006 డిసెంబరు 14న, ఉత్తర అమెరికాలో 2007 జూన్ 25న, ఐరోపాలో 2007 డిసెంబరు 7న విడుదలైంది. జపానులోనూ, ఉత్తర అమెరికాలోనూ అంతర్జాలం మీదుగా ఇతరులతో ఆడుకోగలిగిన మొదటి వీ ఆట ఇదే. డీఎస్ యంత్రం మీద అప్పుడే వచ్చిన డైమండ్, పర్ల్ ఆటలలోని ప్రాణులతో కలిపి నాటికి లెక్క 493కు చేరింది. ఆ 493నూ త్రిమితీయ రూపంలో టీవీ తెరనిండా చూపిస్తామన్నదే ఈ ఆట ఆకర్షణ. ఎదురుచూసినవారి ఉత్సాహాన్ని అర్థం చేసుకోవచ్చు. అరచేయంత తెరమీద చుక్కల బొమ్మలుగా చూసిన తమ పెంపుడు ప్రాణులు ఇంటి ముందుగదిలో నిలువెత్తున గర్జిస్తాయంటే ఎవరికి ముచ్చట కాదు?

ఆట తెరిస్తే పోకెటోపియా అనే వినోద ద్వీపం. అందులో పదకొండు రణరంగాలు, కొలోసియంలు. ఒకదానిలో గెలిస్తే మరొకటి తెరుచుకుంటుంది. ఒక్కొక్కదానికి ఒక్కొక్క నియమం. ఉదాహరణకు నియాన్ కొలోసియంలో ఇరుపక్షాల ప్రాణులనూ ఒకచోట కలిపి చక్రం తిప్పి పంచుతారు, మన ప్రాణి ఎదుటివాని చేతికి చిక్కవచ్చు. గెలిస్తే కూపన్లు వస్తాయి. వాటితో మన బొమ్మకు టోపీలు, చొక్కాలు కొనుక్కోవచ్చు. చివరన మిస్టీరియల్ అనే ద్వీపాధిపతి ఎదురవుతాడు. అతడు ఎవరో, ఎందుకు ఈ ద్వీపాన్ని కట్టాడో, మనం ఎందుకు అతన్ని ఓడించాలో తెలియదు. అంతే. ఊరు లేదు, దారి లేదు, గడ్డిలో అలికిడి లేదు, పట్టుకోవడం లేదు, పెంచడం లేదు.

డైమండ్ గాని పర్ల్ గాని లేనివాని పరిస్థితి మరీ దయనీయం. అతనికి ఆట అద్దె జట్లను ఇస్తుంది. అద్దె అన్న మాట నాది కాదు, ఆటలోనిదే. ముందే స్థిరపరచిన ప్రాణులు, ముందే స్థిరపరచిన ఎత్తులు. వాటిని మనం పెంచలేదు, మనకు అవి ఏమీ కావు. అద్దె ఇంటి గోడకు మేకు కొట్టడానికి కూడా మనసు రానట్టే ఉంటుంది ఆ ఆట. పైగా ఒక్కొక్క ఎత్తుకూ సాగే నింపాది ప్రదర్శన, దానిమీద చెప్పిన మాటే చెప్పే వ్యాఖ్యాత గొంతు. మొదటి గంటలో ఉత్సాహం కలిగించిన ఆ కేక మూడవ గంటకు రైల్వేస్టేషనులో ప్రకటనలాగా చెవికి ఆనకుండా పోతుంది.

మంచిని మంచి అనకపోవడం న్యాయం కాదు. బొమ్మలు నిజంగా అందమైనవి. నిప్పు నిప్పులా వెలుగుతుంది, నీరు నీరులా మెరుస్తుంది, దెబ్బ తిన్న ప్రాణి వాలే తీరు చూస్తే జాలి కలుగుతుంది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు తమ తమ డీఎస్ యంత్రాలను మీటలుగా వాడుకుని ఆడవచ్చు. తెరమీద కాక చేతిలో ఎత్తును ఎంచుకోవడం వల్ల ఎదుటివానికి రహస్యం తెలియదు. ఇది తెలివైన ఏర్పాటు. పోరునే శాస్త్రంగా అభ్యసించేవారికి ఈ ఆట మంచి గోదా అన్నమాట నిజం.

ఈ ఆటను సమర్థించేవారి వాదం కూడా బలమైనదే, దాన్ని దాటవేయను. వారనేది ఇది: కథ లేదనడం తప్పు, కథ డీఎస్‌లో ఉంది. ఆడేవాడు తన కథను వెంట తెచ్చుకుంటాడు. మన పద్యనాటకాల్లో రాయబారం ఘట్టం ఒక్కటే ఆడితే ప్రేక్షకుడు "ముందు ఏం జరిగింది?" అని అడగడు కదా. భారతమంతా అతని మనసులో ఉంది. నటుడు పద్యం అందుకోగానే వెనుకనున్న పదమూడేళ్ళ అరణ్యాజ్ఞాతవాసాలూ వచ్చి నిలబడతాయి. అలాగే, ఎవరో ఒక పిల్లవాడు నెలల తరబడి పెంచిన కోతిపిల్ల చిమ్చార్, నిప్పుల కిరీటం పెట్టిన ఇన్ఫర్నేప్ అయి ఆ పెద్ద తెరమీద అడుగుపెట్టినప్పుడు, అతనికి వేరే కథ ఎందుకు?

ఈ వాదంలో సగం నిజముంది. మిగిలిన సగం దగ్గరే ఆట ఓడిపోయింది. నాటకం ఆడేవారు ప్రేక్షకుని మనసులో ఉన్న భారతానికి ఏదో ఒకటి చేర్చి పంపిస్తారు. ఒక రాగం, ఒక విరుపు, ఒక కొత్త కోపం. ఇంటికి వెళ్ళేటప్పుడు అతని భారతం కొంచెం పెరిగి ఉంటుంది. బ్యాటిల్ రెవల్యూషన్ చేసింది అది కాదు. డీఎస్ నుంచి మన ప్రాణుల నకళ్ళను తీసుకుంది. ఆ నకళ్ళు ఎన్ని పోరాటాలు గెలిచినా వాటికి అనుభవం చేరదు, స్థాయి పెరగదు. ద్వీపంలో అంత ఘనవిజయం సాధించిన ఇన్ఫర్నేప్, డీఎస్ తెరిచి చూస్తే ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంటుంది. తిరిగి వెళ్ళేవి కూపన్లతో కొనుక్కునే ఒకటి రెండు బహుమతులు మాత్రమే, అలలమీద స్వారీ చేసే పికాచు వంటివి. ఇంటినుంచి అన్నం మూట కట్టుకుని వెళ్ళినవాడికి ఆ సత్రంలో విస్తరి కూడా దొరకలేదు.

ఇది ముందే తెలియని సంగతా అంటే, అదీ కాదు. నింటెండో 64 కోసం ఈ ఆటకు ముందు స్టేడియం ఆటలు వచ్చాయి. గేమ్ బాయ్ ఆటలోని పోరు పద్ధతిని ఆ యంత్రానికి తేవలసినప్పుడు, నాడు హ్యాల్ సంస్థలో ఉన్న సతోరు ఇవాటా ఎలాంటి వివరణ పత్రాలూ లేకుండా మూల ప్రోగ్రామునే చదివి వారం రోజుల్లో ఆ పని చేశాడని ఆ తరువాత ఆటల రూపకర్తలే చెప్పుకున్నారు. అమెరికాలో 2000లో వచ్చిన స్టేడియం కూడా ప్రధానంగా పోరాటాల ఆటే. అయినా అందులో పిల్లలు నలుగురు కూర్చుని నవ్వుకునే చిన్న ఆటలున్నాయి. మన గేమ్ బాయ్ ఆటనే టీవీ మీద ఆడుకునే వీలుంది. ప్రాణుల పెట్టెలను సర్దుకునే వీలుంది. జిమ్ నాయకుల కోట ఉంది, ఆ నాయకులందరూ పాత పరిచయస్థులు. రెండవ స్టేడియంలో పాఠాలు చెప్పే బడి కూడా పెట్టారు. అంటే అది గోదాతో పాటు ఒక ఇల్లు.

ఇంకా చిత్రమేమంటే, ఇదే జీనియస్ సొనారిటీ సంస్థ 2003లో గేమ్ క్యూబ్ యంత్రానికి పోకెమాన్ కొలోసియం చేసింది. అందులో ఓర్రే అనే ఎడారి ప్రాంతం. దుర్మార్గులు కొన్ని ప్రాణుల హృదయాలను కృత్రిమంగా మూసివేసి వాటిని యుద్ధయంత్రాలుగా మార్చారు. నీడ ప్రాణులని వాటికి పేరు. ఒకప్పుడు దొంగల ముఠాలో ఉన్న వెస్ అనే యువకుడు వాటిని విడిపించి, వెంట తిప్పుకుని, స్నేహంతో ఆ మూసుకున్న తలుపులను మెల్లగా తెరుస్తాడు. పోరు తప్ప మరేమీ తెలియని ప్రాణి జబ్బుపడ్డ ప్రాణి అని ఆ కథ సారాంశం. 2005లో దాని తరువాతి భాగం ఎక్స్‌డీ వచ్చింది. ఆ వెంటనే అదే సంస్థ చేతిలోంచి, పోరు తప్ప మరేమీ లేని ద్వీపం వెలువడింది. తమ కథలో రోగమని చూపించినదాన్నే మరుసటి ఆటలో వినోదమని అమ్మినట్టయింది. ఇంతకన్నా సూటిగా ఈ ఆటను విమర్శించగలవారు వేరే ఎవరున్నారు?

తరువాతి చరిత్ర కూడా కొంత చెప్పుకోవాలి. అంతర్జాలంలో ఆడుకునే సదుపాయమే ఈ ఆటకు ఊపిరి. ఆ సేవను నింటెండో 2014 మే 20న ఆపివేసింది. మిగిలింది బొమ్మల అందం. 2013లో వచ్చిన ఎక్స్, వై ఆటలతో చేతియంత్రంలోనే ప్రాణులన్నీ త్రిమితీయ రూపాలు ధరించాయి కనుక ఆ ప్రత్యేకతా పోయింది. 2019లో స్వోర్డ్, షీల్డ్ ఆటలతో కొత్త తరం సాహసం సైతం టీవీకి తగిలించుకునే స్విచ్ యంత్రం మీదికే వచ్చింది. అయితే ఒక విచిత్రం. 2014లో వేలమంది కలిసి ఒకే ఆటను నడిపిన ట్విచ్ ప్లేస్ పోకెమాన్ వేదిక మీద, విరామ సమయాల్లో ఊహాధనంతో పందాలు కాసుకోవడానికి ఈ బ్యాటిల్ రెవల్యూషన్‌నే నడిపించారు. అక్కడ అది చక్కగా ఇమిడిపోయింది. ఎందుకంటే అక్కడ చూసేవారు ఏ ప్రాణినీ పెంచలేదు, పెంచాలనుకోలేదు. సంక్రాంతి బరి చుట్టూ నిలబడ్డవానికి కోడి పేరు అక్కరలేదు, రంగు తెలిస్తే చాలు. పెంచినవాడి కంటికి మాత్రమే అది వేరు.

ఈ తేడాను ఆటలు చేసేవారు గుర్తుపెట్టుకుంటారా అన్నదే నా ఆరాటం. 2023లో పాత స్టేడియంను స్విచ్ యంత్రంలో మళ్ళీ అందించినప్పుడు, గేమ్ బాయ్ నుంచి మన ప్రాణులను తెచ్చుకునే దారిని మాత్రం అందించలేదు. ఒకప్పుడు ఇల్లుగా ఉన్నది ఇప్పుడు అద్దెకొంప. 2025 ఫిబ్రవరిలో పోకెమాన్ ఛాంపియన్స్ పేరుతో పూర్తిగా పోరుకే అంకితమైన మరో ఆటను ప్రకటించారు. పోరుకు వేరే ఆట ఉండకూడదని నేననను. గోదా ఉండవలసిందే. కానీ గోదాలోకి వచ్చే మల్లునికి వెనుక ఒక ఊరుంటుందని, గెలిచినా ఓడినా ఆ మట్టి అంటుకున్న ఒంటితో అతడు ఆ ఊరికే తిరిగి వెళతాడని గోదా కట్టేవాడు తలచుకోవాలి.

సాహిత్యంలోనూ మనం ఈ పొరపాటు చేస్తూనే ఉంటాం. కావ్యంలోంచి పది రసవత్తరమైన పద్యాలు ఏరి, నవలలోంచి నాలుగు పదునైన వాక్యాలు ఏరి, సారమంతా ఇదేనని పంచిపెడతాం. ఆ వాక్యాలకు పదును వచ్చినది వాటి ముందున్న మూడువందల సాదా పుటల వల్లనని మరిచిపోతాం. ఆ పుటలను చదివినవారికి ఆ వాక్యం ఒక జ్ఞాపకం, చదవనివారికి ఒక నినాదం. బ్యాటిల్ రెవల్యూషన్ చెడ్డ ఆట అని నేననుకోవడం లేదు. అది 493 అందమైన నినాదాల ఆట.