నాదమునకు న్యాయముతో పనిలేదా?

2008వ సంవత్సరము నవంబరు 4వ తేదీ రాత్రి. అమెరికాలోని చికాగో నగరమున గ్రాంట్ పార్కు జనసముద్రమై యుండెను. ఆ దేశమునకు మొట్టమొదటి నల్లజాతి అధ్యక్షుడుగా ఎన్నికయిన బరాక్ ఒబామా తన విజయోపన్యాసమును ముగించెను. మాట ఆగినంతనే వాద్యసంగీతము మ్రోగెను. ఆనందబాష్పములు తుడుచుకొనుచున్న ఆ ప్రజలలో ఆ సంగీతమును కూర్చినవాని పేరెఱిగినవారెందఱు? ఆతడు నల్లజాతివాడు కాడు. అమెరికాలో పుట్టినవాడును కాడు. వర్ణభేదమునే శాసనముగా చేసికొనిన నాటి దక్షిణాఫ్రికాలో, శ్వేతజాతీయుల యింట పుట్టినవాడు. పేరు ట్రెవర్ రాబిన్.

కళకు రాజకీయములతో పనిలేదని మన పఠనమందిరములలో పెద్దమనుష్యులు పలుకుట తఱచుగా విందుము. పాట వినుము, పాడువాని దేశమేల, కాలమేల అని వారి వాదము. వినుటకింపుగానే యున్నది. దానిలోని నిజమెంతయో తెలియవలెనన్న ఈ గిటారు విద్వాంసుని జీవితమును ఒక్కమాఱు పరికింపవలెను.

రాబిన్ 1954లో జోహాన్నెస్‌బర్గు నగరమున జన్మించెను. తండ్రి ఆ నగరపు వాద్యబృందమున పేరుగాంచిన ఫిడేలు విద్వాంసుడు. కుమారుడు బాల్యముననే పియానో అభ్యసించి, పండ్రెండవయేట గిటారు చేతబట్టెను. ఇంట స్వరము, వీధిలో అపస్వరము. ఏ బల్లపై ఎవడు కూర్చుండవలెనో, ఏ పేటలో ఎవడు కాపురముండవలెనో మనుష్యుని చర్మమును చూచి నిర్ణయించిన కాలమది. పత్రికా సంపాదకుడైన డొనాల్డ్ వుడ్స్ ఈతని బంధువే. 1977లో స్టీవ్ బీకో పోలీసు నిర్బంధమున మరణింపగా వుడ్స్ సత్యమును ఎలుగెత్తి చాటెను. ప్రభుత్వ నిషేధమునకు గుఱియై, ఆ సంవత్సరాంతమున దేశము విడిచి పోయెను.

ఆ నేల మనకును పరాయిది కాదు. 1860 మొదలుకొని మద్రాసు రేవున ఓడలెక్కి నేటాలు చెఱకు తోటలకు కూలికి పోయినవారిలో తెలుగువారు వేలకొలది యుండిరి. ఆ దేశముతో వర్తకమును తెంచుకొనిన మొదటి దేశము మనదే; అది 1946నాటి మాట. 1968లో ఐక్యరాజ్యసమితి, కళలయందును క్రీడలయందును దక్షిణాఫ్రికాతో రాకపోకలు మానవలసినదని సభ్యదేశములను కోరెను.

ఆ నిషేధపు వేడి రాబిన్‌కు తగిలెను. 1970 తరువాతి యేండ్లలో ఆతని ర్యాబిట్ బృందము స్వదేశమున యువజనులను ఉఱ్ఱూతలూగించెను గాని, విదేశములలో కచేరీలు చేయుటకు దానికి దారిలేకపోయెను. పాపము ప్రభుత్వముది, తలుపు మూయబడినది పాటగానికి. ఇది న్యాయమా అని అడుగవచ్చును. మేమును అడిగెదము, కాని ముందు వేఱొక ప్రశ్న వేయుదము. నల్లవాడు తన యూరిలోనే తన పాటతో సభామందిరపు ముంగిట నిలువలేని దినములలో, తెల్లవాని పాటకు మాత్రము లోకమంతయు తోరణములు కట్టుట న్యాయమా? కళకు రాజకీయములతో పనిలేదనువారు రాజకీయములు కళను విడిచిపెట్టునేమో మొదట విచారింపవలెను.

1978లో రాబిన్ లండను చేరెను, పిమ్మట లాసేంజిలిసు. యెస్ అను ప్రఖ్యాత రాక్ బృందము క్రొత్తగా కూడుచుండగా దానికి గిటారు విద్వాంసుడును రచయితయు నయ్యెను. 1983లో 90125 అను అంకెల పేరుతో వారి రికార్డు వెలువడెను. ఏకాంత హృదయమును గూర్చి ఆతడు కల్పించిన పాట 1984 జనవరిలో అమెరికా దేశమున ప్రథమస్థానము నందెను. అంతటి కీర్తిని అనుభవించినవాడు 1995 ప్రాంతమున వేదిక దిగి చలనచిత్రముల వెనుకకు పోయెను.

ఆ పని వేఱు. వేదికపై గిటారు ముందు నిలుచును. చిత్రమున సంగీతము బొమ్మ వెనుక నడువవలెను. పాత్ర పలుకునపుడు తగ్గవలెను, మౌనము వహించినపుడు పలుకవలెను, క్షణములు లెక్కించి ముగియవలెను. కాన్ ఎయిర్, ఆర్మగెడాన్ వంటి ఆర్భాటపు చిత్రములకు ఆతడు సంగీతము కూర్చెను. వానిని స్వాతంత్ర్య గీతములని మేము పొగడబోము. అవి వృత్తిధర్మముగా చేసిన పనులు. కాని 2000వ సంవత్సరమున రిమెంబర్ ది టైటన్స్ వచ్చెను. 1971లో వర్జీనియా రాష్ట్రపు అలెగ్జాండ్రియా పట్టణమున తెల్ల విద్యార్థులును నల్ల విద్యార్థులును ఒక్క ఫుట్‌బాలు జట్టుగా కూడవలసివచ్చిన కథ. జట్టుకు శిక్షకుడు నల్లజాతివాడు. మొదట కలహించిన బాలురు తుదకు భుజము భుజము కలిపిరి. చికాగోలో ఆ రాత్రి మ్రోగినది ఈ చిత్రపు సంగీతమే.

దానిలో పలుకు లేదు, నినాదము లేదు. రాబిన్ దానిని ఏ యెన్నికకొఱకును కూర్చలేదు. వర్ణభేదపు బాధను ఆతడు నల్లవానివలె అనుభవించినాడనియు మేమనము. ఆ రాజ్యమున ఆతడు పీఠముమీది జాతివాడే. కాని వర్ణము పేరిట విడదీసిన నేలపై పెరిగిన చేయి, కలిసిన మనుష్యుల కథకు స్వరము కట్టినది. ఆ స్వరమునకు ఆ కథ అంటుకొనినది. స్వరమునకు వర్ణము లేదనుట నిజమే. వినువాని హృదయమునకు మాత్రము జ్ఞాపకమున్నది.

కావున చదువరులకు మా మనవి యొక్కటే. చిత్రము ముగిసినంతనే చెప్పులు వెదకికొనక, తెరపై నడచు పేర్లను చదువుడు. పాటను మెచ్చుకొనునపుడు రాగతాళములతోపాటు అది ఏ నేలపై పుట్టినదో, అచట ఎవరి గొంతు నొక్కబడియుండెనో విచారింపుడు. అట్లడుగుటచే పాట మాధుర్యము తగ్గదు. న్యాయమెఱిగిన చెవికి నాదము మఱింత నిండుగా వినబడును.