రేడియో పెట్టెలో కంప్యూటర్

కంప్యూటర్ పెట్టెను సొంత ఇష్టానికి మలచుకోవడం కుర్రకారుకు ఒక సరదా. మా తమ్ముడి కొడుకు బెంగుళూరు ఎస్.పి. రోడ్డులో విడిభాగాలన్నీ కొనుక్కొచ్చి, "పెట్టె ఎలా ఉండాలో తోచడం లేదు పెదనాన్నా" అన్నాడు. విదేశీ నమూనాలు చూసి చూసి వాడి బుర్ర వేడెక్కింది.

అటక మీదున్న మా నాన్నగారి వాల్వు రేడియో దింపించాను. వాల్వులు బాగా కాగుతాయి. అందుకే వెనక అట్టకు అన్ని చిల్లులు. స్పీకరు తీసేస్తే ముందున్న జాలిగుడ్డలోంచి గాలి వస్తుంది. కంప్యూటరుకు కావలసిందీ అదే: ముందునించి చల్లగాలి రావాలి, వెనకనించి వేడిగాలి పోవాలి. 17 సెంటీమీటర్ల చదరపు మినీ ఐటిఎక్స్ బోర్డు అందులో హాయిగా పడుతుంది. కాకపోతే కర్ర, ఇనపరేకులా వేడిని వదలదు. ఫ్యాన్లు తప్పవు.

మా అమ్మ ససేమిరా అంది. "మీ నాన్న వార్తలు విన్న రేడియోని కోస్తార్రా?"

బ్యాంకు లెక్కన తరుగుదల పోను దాని విలువ ఏనాడో సున్నా. అమ్మ పద్దులో అలా కాదు. చివరికి రేడియో జోలికి పోకుండా, అదే కొలతలతో ప్లైవుడ్డు పెట్టె చేయించాలని తీర్మానించాం. మీటలకు చన్నపట్నం లక్కపని నా సలహా. మన ఏటికొప్పాక బొమ్మల్లాగే అవీ అంకుడు కర్రవే. అక్కడివాళ్ళు హాలె అంటారు, అంతే తేడా.

కొలతలు తీసేటప్పుడు టేపు రెండో కొస పట్టుకున్నది అమ్మే.