ఇంజనుకు తన చోటు తెలియాలి

వాడరేవు దీపస్తంభం కనబడగానే పడవవానికి తానెక్కడున్నదీ తెలుస్తుంది. చీకటిలో పరుగెత్తే రైలింజనుకు తెలిసేదెలా?

‘కవచ్’ ఏర్పాటులో పట్టాల నడుమ స్లీపర్లపై అమర్చే ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు అటువంటి దీపస్తంభాలే. ఇంజను కింది రీడరు వాటిని చదివి తన చోటు గుర్తిస్తుంది. ఒక ట్యాగు దాటి మరొకటి వచ్చేదాకా, సెన్సర్లు చక్రం తిరిగిన చుట్లను బట్టి దూరం లెక్కకడతాయి. చక్రం జారితే లెక్క తప్పుతుంది. తరువాతి ట్యాగు దానిని సరిదిద్దుతుంది. (తన తప్పును ముందే ఊహించుకున్న యంత్రం! మనుషులలో ఇది అరుదు.)

ప్యాసింజరు రైళ్లపై దీని తొలి పరీక్షలు 2016లో మన దక్షిణమధ్య రైల్వేలోనే జరిగాయి. 2020లో జాతీయ వ్యవస్థగా స్వీకరించారు. అయినా 2023 అక్టోబరు 29న, విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద పలాస ప్యాసింజరును రాయగడ ప్యాసింజరు వెనుకనుంచి ఢీకొని 14 మంది మరణించారు. ఆ మార్గంలో కవచ్ లేదు.

ఢిల్లీ–ముంబయి, ఢిల్లీ–హౌరా మార్గాలకు మొదటి వంతు ఇచ్చారు. రద్దీని బట్టి చూస్తే కాదనలేము. కాని కంటకాపల్లిలో పోయినవారు ఎక్కినది ప్యాసింజరు బండి. మా తీరసీమలో తెనాలి–రేపల్లె బండి ఎక్కేవారూ అటువంటివారే. శాఖామార్గాల వంతు ఎప్పుడో తేదీతో సహా చెప్పమనడం అత్యాశ కాదు.