గెలిచి యోడిన వ్యాజ్యెము

ఇంగ్లండు రాజగు ఒకటవ చార్లెసునకును పార్లమెంటునకును జరిగిన సంఘర్షణమును ముచ్చటించువారు 1649 జనవరి 30వ తేదీన రాజు శిరస్సు తెగిన ఘట్టమునే తఱచుగా స్మరింతురు. మా దృష్టిలో అంతకంటె విచారింపదగినది 20 షిల్లింగుల తగవు.

యుద్ధసమయములందు రేవుపట్టణములవారు రాజునకు ఓడలనో, వానికి మాఱుగా ధనమునో యిచ్చుట ప్రాచీనాచారము. 1634లో దేశమునకు యుద్ధము లేకయే చార్లెసు ఈ యోడపన్నును గోరెను. మఱుసటియేట అలల చప్పుడైన నెఱుగని లోనాటి మండలములకును దానిని వ్యాపింపజేసెను. బకింగుహాముషైరు వంతునకు వచ్చినది 4,500 పౌనులు. ఆ మండలమందలి తన భూములలో నొకదానిపై వేసిన 20 షిల్లింగులను చెల్లింపనని జాన్ హాంప్డెను నిలిచెను. ఆయన సంపన్నుడు, ఆ సొమ్ము ఆయనకొక లెక్క కాదు. ప్రతినిధుల సమ్మతి లేక రాజు ప్రజల సంచిలో చేయి పెట్టవచ్చునా యనునదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు రాజు 1628లోనే సమాధానమిచ్చి యుండెను. నిర్బంధపు టప్పు నీయనివారిని కారణము చెప్పకయే చెఱబెట్టించిన పిమ్మట, పార్లమెంటు సమర్పించిన హక్కుల విజ్ఞాపనమునకు సమ్మతించి, సభ యనుమతి లేక పన్ను గాని అప్పు గాని కోరనని యొప్పుకొనెను. రాజుపక్షమున న్యాయము బొత్తిగా లేదనము. పూర్వరాజులకు జీవితాంతము దక్కిన సుంకములను 1625లో కామన్సు సభ యీతనికి ఒక్క యేటికే యీయజూచెను. ఓడపన్ను సొమ్ము నిజముగా నౌకాదళమునకే వ్యయమయ్యెను. అయినను ఒకసారి యొప్పుకొన్న మాటను గడుసుదనముతో దాటజూచిన రాజును నమ్ము టెట్లు?

1629 మార్చి 2వ తేదీన రాజాజ్ఞచే సభను ముగింపబోయిన సభాపతి ఫించిని సభ్యులు కుర్చీలోనే అదిమిపట్టి తీర్మానములు గావించిరి. ఆ పిమ్మట పదునొకండేండ్లు పార్లమెంటే లేదు. ఆ ఫించియే న్యాయాధిపతియై హాంప్డెను వ్యాజ్యెమును విచారించిన పన్నిద్దఱిలో నొకడయ్యెను! రాజ్యరక్షణ విషయమున రాజాధికారమును తొలగించు చట్టములు చెల్లవని యాయన తీర్పు.

1638లో ఏడుగురు రాజుపక్షమునను, ఐదుగురు హాంప్డెను పక్షమునను తీర్పు చెప్పిరి. రాజు గెలిచెను. ఓడియుండినచో నొక పన్ను మాత్రమే పోయెడిది. గెలుపువలన, న్యాయస్థానమునందును తమ యాస్తికి రక్షణ లేదని గ్రామగ్రామమునకు దెలిసెను. ఏడుగురి తీర్పుకంటె ఐదుగురి కాదను మాటయే జనుల నోళ్ల నానెను. 1639లో విధించిన యోడపన్నులో అధికభాగము ఖజానాకు జేరనేలేదు.

ఇంతలో ప్రార్థనాగ్రంథమును బలవంతముగ రుద్దినందున స్కాట్లండు తిరుగబడెను. సైన్యమునకు ధనము కావలసి 1640 ఏప్రిలులో సభను బిలిచి, గొప్ప మొత్తము మంజూరు చేసినచో ఓడపన్నును మానుకొందునని రాజు బేరమాడెను. తనది కాని సరకును వర్తకు డమ్మజూపినట్లుండెను! మూడువారములకే సభ రద్దయ్యెను. స్కాట్లు న్యూకాసిలును బట్టుకొని, సంధి కుదురువఱకు దినమునకు 850 పౌనులు గోరిరి. అది చెల్లించుటకు నవంబరులో మరల పార్లమెంటును బిలువక తప్పలేదు.

ఆ సభ 1641లో ఓడపన్నును, హాంప్డెనుపై తీర్పునుగూడ కొట్టివైచెను. అప్పటికే ఫించి అభియోగమునకు జడిసి, ఓడయెక్కి హాలండునకు బాఱిపోయి యుండెను.