చొక్కా జావాది, సొమ్ము ఎవరిది?

మైనంతో గీసి రంగులద్దే ఇండోనేషియా బట్ట బాతిక్‌కు ప్రచారం ఎప్పుడూ తక్కువ కాలేదు. 1994లో ఇండోనేషియాలోని బోగోర్‌లో జరిగిన ఆసియా-పసిఫిక్ దేశాల ఎపెక్ సదస్సులో నేతలు బాతిక్ చొక్కాలే తొడుక్కున్నారు. నెల్సన్ మండేలాకైతే అది దాదాపు యూనిఫాం. 2009లో యునెస్కో గుర్తింపూ దక్కింది.

అయినా ఎగుమతుల్లో నకలుదే పైచేయి. 1846లో నెదర్లాండ్స్‌లో మొదలైన విలిస్కో కంపెనీ బాతిక్‌ను యంత్రాలపై అనుకరించింది. ఆ తరహా డచ్ బట్ట జావాలో నిలవలేదు. పశ్చిమ ఆఫ్రికాలో మాత్రం స్థానిక సంప్రదాయమే అయి కూర్చుంది. ఇప్పుడు దానికీ చైనా మిల్లులు చౌక నకళ్లు తీస్తున్నాయి. కాపీకి కాపీ అన్నమాట!

అసలు పని తీరు వేరు. చాంతింగ్ అనే చిన్న రాగి పనిముట్టుతో వేడి మైనం గీస్తూ ఒక్క బట్ట పూర్తిచేయడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ధరలో అది ప్రింటుతో ఎలా తూగుతుంది?

2015లో ఇండోనేషియా బాతిక్ డిజైన్ల బట్టల దిగుమతిపై ఆంక్షలు పెట్టింది. దాంతో స్వదేశీ మార్కెట్‌కు కొంత రక్షణ దొరకొచ్చు గానీ, టోక్యోలోనో న్యూయార్క్‌లోనో కొనేవారికి చేతిపని ఏదో, ప్రింటు ఏదో తెలియదు. ఆ తేడా చెప్పడానికే ‘బాతిక్‌మార్క్’ ముద్ర ఉంది. సదస్సుల చొక్కాలకు పెట్టే శ్రద్ధలో సగం ఆ ముద్రను విదేశీ దుకాణాల్లో పరిచయం చేయడానికి పెడితే జావాలోని బాతిక్ కేంద్రమైన పెకలోంగాన్ పనివారికి కూలి గిట్టుబాటయ్యే అవకాశం ఉంది.