విదేశీ ప్రాజెక్టులకు ఎంపికయ్యేది ఎవరు?

తిరుపతి సమీపంలోని ఒక ఎంబీఏ కళాశాలలో పాఠాలు చెబుతున్న రోజుల్లో, విదేశీ కన్సల్టింగ్ ప్రాజెక్టుకు విద్యార్థులను ఎంపిక చేసే కమిటీలో నేనూ కూర్చున్నాను. చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చిన దళిత విద్యార్థిని ఒకరు, పాలకేంద్రంలో వెన్న శాతం కాస్త తగ్గించి రాస్తే ఒకే ఆవు ఉన్న ఇంటికి నెలకు ఎంత నష్టమో బోర్డు మీద లెక్కగట్టి చూపింది. కన్సల్టెంటు పని అదే కదా! అయినా ‘కమ్యూనికేషన్’ గడిలో ఆమెకు తక్కువ మార్కులు పడ్డాయి. వేసిన వారిలో నేనూ ఒకడిని.

కులం ఎవరూ అడగలేదు. ఇంగ్లిష్ మీడియం బడి, బ్యాంకులో సొమ్ము, అమెరికాలో మేనమామ: ఈ మూడూ చూస్తే అడగవలసిన అవసరమే రాదు. విమాన టికెట్టు, వీసా, బస ఖర్చులు విద్యార్థివే. ఫీజు రీయింబర్స్‌మెంట్ కళాశాల ఫీజు దగ్గరే ఆగిపోతుంది. ఎస్సీలకు కేంద్రం ఇచ్చే జాతీయ విదేశీ ఉపకార వేతనం మాస్టర్స్, పీహెచ్‌డీలకే. ఆరు వారాల ప్రాజెక్టు ఈ రెంటిలోనూ ఇమడదు. 1913లో అంబేడ్కర్ కొలంబియాకు వెళ్లగలిగింది బరోడా సంస్థానం ఖర్చు భరించినందువల్ల; ప్రతిభ ఆయనకు అంతకుముందూ ఉంది.

ఎంపికైన వారికి ఇచ్చే శిక్షణ మరో విచిత్రం. ఫోర్కు పట్టడం, కరచాలనం చేయడం నేర్పుతారు. 2023లో సియాటిల్ నగరం కుల వివక్షను ఎందుకు నిషేధించవలసి వచ్చిందో మాత్రం చెప్పరు.

దళిత, ఆదివాసీ విద్యార్థుల ప్రయాణ ఖర్చును కళాశాలలు, సాంఘిక సంక్షేమ శాఖ కలిసి భరించాలి. దరఖాస్తు చేసినవారు, ఎంపికైనవారు ఎందరెందరో సామాజిక వర్గాల వారీగా ఏటా ప్రకటించాలి. నేను పనిచేసినన్నాళ్లూ మా కళాశాలలో ఆ లెక్క ఎవరూ తీయలేదు, నాతో సహా.