తారకం వదిలిన పదవి, మనకు అప్పజెప్పిన పని

1985 జులై 17న కారంచేడులో కమ్మ భూస్వాములు ఆరుగురు మాదిగలను చంపారు. అప్పుడు బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది. ఆ పదవికి రాజీనామా చేసి బాధితుల పక్షాన నిలిచారు. ఆ పోరాటంలోంచి పుట్టిన దళిత మహాసభకు అధ్యక్షుడయ్యారు. తారకాన్ని తలచుకున్నప్పుడల్లా మనం ఈ రాజీనామా గురించే చెప్పుకుంటాం. అది ఒక్కరోజు నిర్ణయం. 2016లో కన్నుమూసేదాకా ముప్పై ఏళ్లు ఆయన చేసిన పని గురించి మాత్రం తక్కువ మాట్లాడుకుంటాం.

చట్టాన్ని బాధితుల చేతికి అందించడమే ఆ పని. 'పోలీసులు అరెస్టు చేస్తే' పుస్తకాన్ని ఆయన లాయర్ల కోసం రాయలేదు. పోలీస్ స్టేషన్ మెట్లెక్కాల్సి వచ్చే మామూలు మనిషి కోసం రాశారు.

చుండూరు పోరాటమూ అదే దారిలో నడిచింది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టును తమ ఊళ్లోకే రప్పించుకున్నారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు విధించింది. ఆ తీర్పుకే పదహారేళ్లు పట్టింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు దాన్ని కొట్టేసి అందరినీ వదిలేసింది. హత్యలు ఎప్పుడు, ఎక్కడ జరిగాయో, ఎవరు చేశారో ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయిందని చెప్పింది.

కోర్టుల మీద ఆశ వదులుకోవాలని చుండూరు చెబుతోందా? మేం అలా అనుకోవడం లేదు. దర్యాప్తు మొదటి రోజు నుంచీ బాధితుల పక్షాన న్యాయవాది ఉండి తీరాలన్నదే మాకు అర్థమైన పాఠం. 

ఇప్పుడు అందుకు చట్టంలో దారి ఉంది. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో వచ్చిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 15ఎ ప్రకారం బెయిల్ విచారణతో సహా ప్రతి విచారణ గురించీ బాధితులకు ముందుగా తెలపాలి. బెయిల్ ఇచ్చే ముందు వాళ్ల మాట వినాలి. చార్జిషీటు వేశాక వీలైనంతవరకు రెండు నెలల్లో విచారణ ముగించాలని 14వ సెక్షన్ చెబుతోంది. బాధితులు కోరితే పేరున్న సీనియర్ న్యాయవాదిని కలెక్టర్ నియమించవచ్చని 1995 నిబంధనల్లో 4(5) చెబుతోంది.

అయితే అడగకుండా ఇవేవీ రావు. అడగాలంటే ముందు తెలియాలి. లా చదువుతున్న మన పిల్లలు వర్ధంతినాడు తారకం ఫొటోకు దండ వేస్తే సరిపోదు. దాడి జరిగిన వాడకు వెళ్లి, ఎఫ్‌ఐఆర్ కాపీ చదివి వినిపించి, నచ్చిన న్యాయవాది కోసం కలెక్టర్‌కు అర్జీ రాయించాలి. తారకం మనకు అప్పజెప్పిన పని అదే.